టీడబ్ల్యూఐ ట్రైనింగ్: మూడేళ్ళు వాడాక ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్ మాట

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల కోసం పుట్టి, తర్వాత జపాన్‌లో వేళ్ళూనుకున్న కోర్సు ఇది. టీడబ్ల్యూఐ అంటే 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ', సూపర్‌వైజర్లకిచ్చే శిక్షణ. మా కంపెనీ నన్ను 'లీడర్‌షిప్' పేరుతో పంపింది. పని నేర్పడం, మనుషులతో మెలగడం, పద్ధతి మార్చడం అని మూడు కార్డులు చేతికిచ్చారు. లీడర్‌షిప్ అంతా రెండో కార్డులో ఉంటుందనుకున్నాను. నాకు అక్కరకొచ్చింది మాత్రం మొదటిదే.

మాది హైదరాబాద్ దగ్గర పాశమైలారంలో పంపుల అసెంబ్లీ లైన్. పదకొండు మందిలో సగానికి పైగా కాంట్రాక్టు మీద ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చిన కుర్రాళ్ళు. కోర్సుకు నెల ముందు ఒక కొత్త కుర్రాడికి మెకానికల్ సీల్ (పంపు తిరిగే షాఫ్ట్ దగ్గర కారకుండా ఆపే భాగం) బిగించడం నేర్పాను. నేర్పడం అంటే, ఎదురుగా నిలబడి చకచకా రెండు సీళ్ళు బిగించేసి, "సమఝ్ గయా?" అన్నాను. "హా సార్" అన్నాడు. ఆ షిఫ్ట్‌లో 14 పంపులు చేశాడు, టెస్ట్ బెంచ్ మీద అన్నీ పాస్. నాలుగు రోజుల తర్వాత డిస్పాచ్ ముందు మళ్ళీ ప్రెషర్ పెడితే తొమ్మిది కారుతున్నాయి. విప్పి చూస్తే రబ్బరు ఉబ్బి ఉంది. సబ్బు నీళ్ళు రాయాల్సిన చోట గ్రీజు రాశాడు. అందరి ముందూ అరిచాను.

కోర్సులో ఎవరి పని వాళ్ళు తెచ్చుకుని క్లాసులో నేర్పి చూపించాలి. నేను సీల్ పనే పట్టుకెళ్ళాను. మెట్టు మెట్టుగా రాస్తున్నప్పుడు ఇన్‌స్ట్రక్టర్ అడిగాడు, "సబ్బు నీళ్ళే ఎందుకు?"

"జారడానికి."

"గ్రీజు జారదా?"

నా నోట మాట రాలేదు. మా సీళ్ళలో ఉండేది ఈపీడీఎం అనే ఒక రకం సింథటిక్ రబ్బరు. మినరల్ గ్రీజు, అంటే పెట్రోలియం నూనెతో చేసింది, తగిలితే ఉబ్బుతుందని నాకు తెలుసు. పదేళ్ళుగా చేస్తున్న పని కాబట్టి ఎవరికైనా చెప్పాలనే తోచలేదు. కుర్రాడు చేసింది తన లెక్కలో సరైనదే. నేర్చుకోలేదంటే నువ్వు నేర్పలేదని అర్థం అన్న మాట ఆ కార్డు మీదే అచ్చేసి ఉంది.

తిరిగొచ్చాక మళ్ళీ నేర్పాను, ఈసారి పక్కన నిలబడి. ఒకసారి మెట్లు మాత్రమే చెప్పాను. రెండోసారి జాగ్రత్తలు, మూడోసారి కారణాలు. తర్వాత తనతో చేయిస్తూ తననే చెప్పమన్నాను. "గ్రీజ్ నహీ, రబ్బర్ ఫూల్ జాయేగా" (గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది) అన్నాడు. అక్కడితో ఆగలేదు. సబ్బు నీళ్ళూ గ్రీజూ ఒకేలాంటి తెల్ల డబ్బాల్లో పక్కపక్కనే ఉంటున్నాయని చూపించాడు. రోజూ వాటి ముందే తిరుగుతున్నా నా కంట పడలేదు. ఆ పూటే గ్రీజు డబ్బా తీయించేశాను. అప్పటి నుంచి నా లైన్‌లో "హా సార్" తగ్గి, "సార్, యే క్యూ?" (ఇదెందుకు?) పెరిగింది. ఒక్కోసారి విసుగొస్తుంది కూడా.

ప్రతి పనికీ ఇలా రాసుకుని నేర్పుతానని అప్పట్లో మేనేజర్‌కు గొప్పగా చెప్పాను. మూడేళ్ళలో రాసింది ఆరు పనులకే. నెలాఖరు డిస్పాచ్ వారంలో కొత్తవాడొస్తే ఇప్పటికీ "వాణ్ణి చూసి చెయ్" అనేస్తున్నాను. రెండో కార్డు మంచిదే. మార్పు ఏదైనా ముందుగా చెప్పమంటుంది. షిఫ్ట్ మారిందని నాకే రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో తెలుస్తుంటే నేనెవరికి ముందు చెప్పను? కాంట్రాక్టర్ జీతం ఆలస్యం చేస్తే ఏ కార్డూ పనిచేయదు. మూడో కార్డు సంగతి చెప్పను, డ్రాయింగ్‌లో గీత మార్చాలన్నా డిజైన్ వాళ్ళు ఒప్పుకోవాలి.

చేత్తో చేసే పనులుండి, కుర్రాళ్ళు తరచూ మారిపోయే లైన్ అయితే వెళ్ళమంటాను. పాత ఆపరేటర్లున్న మెషిన్ షాప్‌లో ఎలా ఉంటుందో నేను వాడి చూడలేదు. పైగా నేను స్వతహాగా వాగుడుకాయను, మెట్టు మెట్టుగా చెప్పడం నాకు కష్టమనిపించలేదు. మొదటి కార్డు నూనె పట్టి, మడతల దగ్గర చిరిగి, రెండుసార్లు టేపు వేయించుకుంది. మిగతా రెండూ పర్సులో కొత్తవిలాగే ఉన్నాయి.