‘యాసిడ్ ఫ్రీ’ అని రాసి ఉన్న జిగురు పేజీల ఆల్బమ్ కొనే ముందు ఒక్కసారి ఇది చదవండి

ప్రయాణాల్లో తీసుకున్న ఫోటోలను, టికెట్లను, చిన్న చిన్న జ్ఞాపికలను ఒక పుస్తకంలో అతికించి దాచుకోవాలనుకునే వారందరికీ ఈ హెచ్చరిక. పేజీ నిండా జిగురు చారలు ఉండి, వాటి మీద పలచటి ప్లాస్టిక్ పొర కప్పి ఉండే ఆల్బమ్‌లను మాగ్నెటిక్ ఆల్బమ్‌లని పిలుస్తుంటారు. పేరులో తప్ప వాటిలో అయస్కాంతం ఎక్కడా ఉండదు. కేవలం జిగురే ఉంటుంది. అటువంటిది మీ దగ్గర ఇప్పటికే ఉన్నట్లయితే, ఫోటోలు ఊడదీయడం గురించి కింద రాసినది చదివిన తర్వాతే దాని మీద చేయి వేయండి. నేను ముందు చేయి వేసి, తర్వాత తెలుసుకున్నాను.

అమ్మానాన్నలను వెంటబెట్టుకుని కొండలకూ సముద్రానికీ కలిపి మేము 12 రోజుల ప్రయాణం చేశాము. నాన్నగారు విమానం ఎక్కడం అదే మొదటిసారి. తిరిగి వచ్చాక సుమారు 700 ఫోటోల్లోంచి 140 ఏరి అచ్చు వేయించాను. బోర్డింగ్ పాసులు, రోప్‌వే టికెట్లు, పడవ రసీదులు, అమ్మ తన నోటుపుస్తకంలో దాచి తెచ్చిన రెండు ఆకులు, ఇవన్నీ ఏ రోజువి ఆ రోజు ఫోటోల పక్కనే ఉండాలని ఆన్‌లైన్‌లో మంచి ఆల్బమ్ కోసం చాలా వెతికాను. ఒకదాని అట్ట మీద ‘యాసిడ్ ఫ్రీ’, ‘ఆర్కైవల్ నాణ్యత’ (అంటే ఏళ్ల తరబడి చెడకుండా దాచదగినది), ‘ఫోటో సేఫ్’ అనే మాటలు పెద్ద అక్షరాలతో కనిపించాయి. మామూలు ఆల్బమ్‌కు రెట్టింపు ధర ఉన్నా ఆ మాటలు చూసే తీసుకున్నాను. పెట్టె విప్పి మొదటి పేజీ తెరవగానే, కొత్త రెయిన్‌కోటు మడత విప్పినప్పుడు వచ్చే వాసన గుప్పున కొట్టింది. కొత్త వస్తువు కదా, రెండు రోజుల్లో పోతుందిలే అనుకున్నాను. ఆ వాసన దేనికి గుర్తో అప్పుడే తెలిసి ఉంటే అందులో ఒక్క ఫోటో కూడా పెట్టేదాన్ని కాను.

మూడు వారాల పాటు ప్రతి ఆదివారమూ కూర్చుని అంతా అతికించాము. ఏ ఫోటో ఎక్కడిదో, ఆ రోజు ఏం జరిగిందో అమ్మ చిన్న చీటీల మీద తన చేత్తో రాసి ఇస్తూ ఉంటే నేను పక్కన పెడుతూ వచ్చాను. తర్వాత ఆ ఆల్బమ్ అల్మారాలోకి చేరింది. రెండేళ్లు దాటాక, చూడాలని ఉందని నాన్నగారు అడిగితే బయటికి తీశాను.

తెల్లగా ఉన్న పేజీల మీద జిగురు చారలు ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. ఫోటోల చుట్టూ ఆ చారలు గీతలు గీసినట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కొన్ని పేజీల్లో జిగురు పట్టు వదిలేసి ఫోటోలు కిందికి జారి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మరికొన్ని పేజీల్లో పైనున్న ప్లాస్టిక్ పొర ఫోటో ముఖానికే అంటుకుపోయి, నీళ్లు పడి ఆరినట్లు మెరిసే మచ్చలు తేలాయి. అమ్మ పడవ అంచున కూర్చుని నీళ్లలో చేయి ముంచిన ఫోటో మీద పొర సరిగా లేదనిపించి మెల్లగా లేపబోయాను. సన్నగా చిరుగుతున్న చప్పుడైంది. వెంటనే ఆపాను కానీ అప్పటికే అమ్మ చేయి ఉన్న చోట రంగు పొర ప్లాస్టిక్‌తో పాటు లేచి వచ్చి, ఫోటో మీద చిటికెన వేలి గోరంత తెల్ల మచ్చ మిగిలింది.

అంతకంటే బాధ కలిగించినది నాన్నగారి బోర్డింగ్ పాసు. ముందే అచ్చయి ఉన్న రంగు పట్టీ, గళ్లు, సూచనలు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆయన పేరు, సీటు సంఖ్య, తేదీ ఉండవలసిన చోట మాత్రం ఏమీ లేదు. దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ వంచి చూసినా ఒక్క అక్షరం కనబడలేదు. నాన్నగారు దానిని కాసేపు చేతిలో పట్టుకుని, “ఇది నాదేనా?” అని అడిగారు.

అమ్మిన వారికి ఫోటోలతో సహా వివరంగా రాశాను. మొదట వాపసు గడువు దాటిపోయిందన్నారు. తర్వాత ఇంట్లోని తేమ వల్ల అలా జరిగి ఉంటుందన్నారు. అక్కరలేని వాదన ఎందుకని మూడోసారి ఒక్కటే అడిగాను: అట్ట మీద రాసిన ‘యాసిడ్ ఫ్రీ’ దేనికి వర్తిస్తుంది, జిగురుకా, పొరకా, కాగితానికా? అది లోపలి అట్టకు మాత్రమే వర్తిస్తుందని, పొర పీవీసీ అనే ప్లాస్టిక్‌దని, జిగురు వివరాలు తమ దగ్గర లేవని జవాబు వచ్చింది. మీరందరూ గమనించవలసినది ఈ జవాబునే. ఫోటోకు వెనుక నుంచి తగిలేది జిగురు, ముందు నుంచి తగిలేది ప్లాస్టిక్. ఆ రెంటి గురించీ ఏమీ చెప్పని మాటను నమ్మి నేను రెట్టింపు ధర పెట్టాను. ఫోటోలు మళ్లీ అచ్చు వేయించుకోవచ్చు కదా అని కూడా వారు సలహా ఇచ్చారు. కానీ మా ఫోటోల్లో సగానికి పైగా తీసిన ఫోను తర్వాత పోయింది. వాట్సాప్‌లో పంపుకున్న ప్రతులు మిగిలాయి కానీ, అలా మామూలుగా పంపినప్పుడు ఫోటో పరిమాణం తగ్గిపోతుంది, ఎప్పుడు తీశారన్న వివరం కూడా అందులోంచి పోతుంది. చేతిరాత చీటీలకూ బోర్డింగ్ పాసుకూ అయితే రెండో ప్రతి అంటూ ఉండదు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆ తర్వాత పట్టుబట్టి తెలుసుకున్నాను. పీవీసీ మెత్తగా వంగాలంటే అందులో ప్లాస్టిసైజర్లనే నూనెలాంటి పదార్థాలు కలుపుతారు. అవి అందులో స్థిరంగా ఉండవు, కాలం గడిచేకొద్దీ మెల్లగా బయటికి వచ్చి తగిలిన వస్తువు మీదికి చేరతాయి. కొత్త రెయిన్‌కోటు వాసన అన్నానే, మెత్తటి పీవీసీకి సాధారణంగా ఉండే వాసన అదే. పీవీసీ క్రమంగా క్షీణించినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా వెలువడుతుంది. ల్యాబులో వేసే మామూలు ఫోటో కాగితం పైపొరలో జెలటిన్ ఉంటుంది. గాలిలో తేమ పెరిగినప్పుడు అది కొద్దిగా ఉబ్బి మెత్తబడి, నున్నటి ప్లాస్టిక్ ఒత్తుకుని ఉంటే దానికి అతుక్కుంటుంది. మెరిసే మచ్చలు అలా వచ్చినవే. అంటే తేమ గురించి అమ్మినవారు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కానీ అంత గట్టిగా ఒత్తుకుని ఉండే పొరను ఫోటో ముఖం మీద కప్పి అమ్మింది వారే.

బోర్డింగ్ పాసు సంగతి వేరు. ఆ కాగితం మీద పేరు, తేదీ లాంటివి సిరాతో వేయరు. వేడి తగిలితే నల్లబడే రసాయన పూత ఉంటుంది, యంత్రం వేడితోనే అక్షరాలు వేస్తుంది. దుకాణాల రసీదులు, చాలా బస్సు, పార్కింగ్ టికెట్లు కూడా ఈ థర్మల్ కాగితమే. గోరుతో గట్టిగా, వేగంగా గీస్తే నల్లటి గీత పడుతుంది, అదే గుర్తు. అక్కరలేని రసీదు అంచు మీద గీసి చూడండి, దాచుకునే వాటి మీద వద్దు. వెలుతురు, వేడి, ప్లాస్టిసైజర్లు, కొన్ని రకాల జిగుర్లు ఈ అక్షరాలను వెలిసిపోయేలా చేస్తాయి. మెత్తటి పీవీసీ కింద, జిగురు మీద పెట్టి నేను ఆ రెండింటికీ ఒకేసారి అప్పజెప్పాను. భద్రంగా ఉంటుందని ల్యామినేషన్ చేయించాలనుకునే వారికి కూడా ఒక మాట: వేడి ల్యామినేషన్ యంత్రంలో పెడితే థర్మల్ కాగితం మొత్తం నల్లబడిపోతుంది. ప్రయాణం నుంచి వచ్చిన వారంలోనే వాటిని స్కాన్ చేసి, ఆ ప్రతిని మంచి కాగితం మీద అచ్చు వేసి ఆల్బమ్‌లో పెట్టుకుని, అసలుదాన్ని చీకటిగా, చల్లగా ఉండే చోట కాగితపు కవరులో వేరుగా ఉంచడమే మార్గం.

కొనేటప్పుడు ఏం అడగాలో ఇప్పుడు చెబుతాను. ‘ఆర్కైవల్’, ‘ఫోటో సేఫ్’ అనే మాటలు వాడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఎవరైనా రాసుకోవచ్చు. ‘యాసిడ్ ఫ్రీ’ అంటే కాగితంలో ఆమ్లగుణం లేదని మాత్రమే అర్థం, అది కూడా తయారైన నాటి మాట. కలపలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం కాగితంలో ఉంటే కాలక్రమంలో ఆమ్లం పుడుతూనే ఉంటుంది. వార్తాపత్రిక కొన్నాళ్లకే పసుపు రంగుకు తిరగడానికి కారణం ఆ లిగ్నినే. కనుక ‘లిగ్నిన్ ఫ్రీ’ అని కూడా ఉందేమో చూడాలి. ప్లాస్టిక్ విషయంలో పేరు స్పష్టంగా రాసి ఉండాలి: పాలియెస్టర్, పాలీప్రొపిలీన్, పాలిథిలీన్, ఈ మూడూ ఫోటోలకు మంచివి. ఉత్త ‘ప్లాస్టిక్’ అనో, ‘వినైల్’ అనో ఉంటే వదిలేయండి. వినైల్ అన్నా పీవీసీయే. వీటన్నిటికంటే నేను ఎక్కువ విలువ ఇచ్చేది పీఏటీకి, అంటే ఫోటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్‌కు. అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఉన్న ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన ఈ పరీక్ష ఇప్పుడు ఐఎస్‌ఓ 18916 అనే అంతర్జాతీయ ప్రమాణం. పరీక్షించే కాగితాన్నో జిగురునో ప్లాస్టిక్‌నో ప్రత్యేకమైన ఫిల్ము, కాగితాలకు ఆనించి, 70 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 86 శాతం తేమలో 15 రోజులు ఉంచుతారు. వాటి మీద రంగు వెలిసినా మరక పడినా ఆ వస్తువు తప్పినట్లే. ఏదైనా ఆల్బమ్ ఈ పరీక్షలో నెగ్గిందని రాసి ఉంటే, అది పేజీకి మాత్రమేనా, జిగురుకూ పొరకూ కూడానా అని విడివిడిగా అడగండి. సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి, వాపసు గడువులోపే తీసుకోండి.

ఇక నుంచి నేను జిగురు ఫోటోకు తగలకుండా నాలుగు మూలలు పట్టి ఉంచే కాగితపు కార్నర్లనే వాడతాను. వాటి జిగురు పేజీకి అంటుతుంది, ఫోటో ఎప్పుడు కావాలంటే అప్పుడు చేతికి వస్తుంది. ఆకులు, పువ్వులు ఎంత ఎండినట్లు కనిపించినా ఫోటోల పక్కన నేరుగా పెట్టకూడదు. అమ్మ తెచ్చిన రెండు ఆకులలో ఒకటి ఎదుటి పేజీలోని ఫోటో మీద తన ఆకారంలోనే గోధుమ రంగు మరక వేసింది. గవ్వలు, ఇసుక సంగతి చెప్పనే అక్కరలేదు, ఇసుక రేణువు ఒక్కటి చాలు ఫోటో మీద గీత పడడానికి. వాటికి వేరే పెట్టె పెట్టండి.

ఇప్పటికే జిగురు పేజీల్లో ఫోటోలు ఉన్నవారు ముందుగా దేన్నీ లేపకుండా, ఆల్బమ్‌ను ఉన్నదున్నట్లుగా పేజీ పేజీ ఫోటో తీసుకోండి. ప్లాస్టిక్ మీద వెలుతురు తళుక్కుమనకుండా కిటికీ పక్కన, దీపాలు ఆర్పి తీస్తే బాగా వస్తాయి. పొర తేలికగా లేచే పేజీలను స్కానర్ మీద 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే, అసలు ఫోటోకు రెట్టింపు పరిమాణంలో కూడా స్పష్టంగా అచ్చు వేయించుకోవచ్చు. ఈ పని పూర్తయ్యాకే ఊడదీయడం మొదలుపెట్టండి, అది కూడా అంతగా విలువ లేని ఒక ఫోటోతో. ఫోటో మూల దగ్గర మైనం పూయని డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటోకూ పేజీకీ మధ్య దూర్చి, రెండు చేతులతో పట్టుకుని రంపం లాగినట్లు మెల్లగా అటూ ఇటూ లాగుతూ కిందికి రావాలి. ఫోటోను వంచకూడదు, పైకి గుంజకూడదు. కావాలంటే పేజీనే వెనక్కి వంచవచ్చు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే జిగురు వదులుతుందని కొందరు చెబుతారు. నేను రెండు ప్రతులు ఉన్న ఒక ఫోటో మీద ప్రయత్నించాను. జిగురు వదలడానికి ముందే ఫోటో ఉపరితలం మెత్తబడి నా వేలిముద్ర దాని మీద పడింది. దయచేసి ఆ పని చేయకండి. పొర ఫోటో ముఖానికే అంటుకుపోయి ఉంటే దారం కూడా పనిచేయదు. అక్కడ ఆగిపోవడం, బాగా ముఖ్యమైనదైతే ఫోటోల సంరక్షణ తెలిసిన నిపుణులకు చూపించడం మేలు.

మా ఆల్బమ్‌లోని 140 ఫోటోల్లో 113 క్షేమంగా బయటపడ్డాయి. వెనుకనున్న జిగురు ఇతర ఫోటోలకు అంటకుండా, ఒక్కొక్కదాన్నీ విడివిడిగా పాలియెస్టర్ కవర్లలో పెట్టాను. మిగిలిన 27 ప్లాస్టిక్ పొర కింద అలాగే ఉన్నాయి, వాటి స్కాన్లు మూడు చోట్ల దాచాను. అమ్మ చీటీలన్నీ ఊడి వచ్చాయి. నాన్నగారి సీటు సంఖ్య ఆయనకు గుర్తుంది, 14 ఏ, కిటికీ పక్కది. అమ్మ దాన్ని ఒక కొత్త చీటీ మీద రాసి ఇచ్చింది.