పెయిడ్ సర్వేల్లో ఏది మేలు? డబ్బిచ్చేవి, టైమ్ తినేవి, నిలువునా ముంచేవి

“ఈ సర్వే సైట్ నిజమైనదేనా, ఫేకా?” అని అడిగేవాళ్లు తెలియకుండానే రెండు ప్రశ్నలు కలిపి అడుగుతుంటారు. అసలు డబ్బులు ఇస్తుందా అన్నది ఒకటి, ఇచ్చేది మనం పెట్టిన టైముకు గిట్టుతుందా అన్నది రెండోది. మొదటిదానికి అవునని జవాబొచ్చే సైట్లు బోలెడున్నాయి. రెండో ప్రశ్న దగ్గరికొచ్చేసరికే చాలావరకు తేలిపోతాయి. ఏడాదిన్నరగా వీటిలో నాలుగు రకాలూ చూశాను, నాలుగోదాంట్లో కాలు పెట్టి వెనక్కి లాక్కున్నాను కూడా. అందుకే నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చెప్తున్నాను.

ముందు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో చూడాలి, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఒక వాషింగ్ మెషీన్ల కంపెనీ ఉందనుకోండి. గత ఆరు నెలల్లో మెషీన్ కొన్న 400 మంది ఏమనుకుంటున్నారో దానికి కావాలి. అది ఒక రీసెర్చ్ సంస్థకు డబ్బు కడుతుంది, ఆ సంస్థ జవాబులు చెప్పే మనుషుల కోసం ప్యానెల్ నడిపేవాళ్లకు కొంత కడుతుంది, ఆ ప్యానెల్ వాళ్లు తమ వాటా ఉంచుకుని మిగిలింది మనకు ఇస్తారు. పైనుంచి ఇన్ని చేతులు దాటి వచ్చాక మన దాకా చేరేది చిల్లరే. సర్వేలతో నెల జీతమంత సంపాదించొచ్చని ఎవరన్నా చెప్తే ఆ లెక్క ఎటు తిప్పినా కుదరదు. ఇక ఏ సైట్లోనైనా డబ్బు మన జేబులోంచి వాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చిందంటే, దానికి రిజిస్ట్రేషన్ ఫీజని పేరు పెట్టినా, ప్రీమియం మెంబర్‌షిప్ అన్నా, విత్‌డ్రా చేసుకోడానికి ట్యాక్స్ అన్నా, అక్కడ సర్వేలు కొనే కంపెనీ ఏదీ లేదని అర్థం. వాళ్లకున్న రాబడి మీరే.

పాయింట్ల సైట్లు

స్వాగ్‌బక్స్, టొలూనా లాంటివి ఈ రకం. ఫేక్ కావు. ఏళ్ల తరబడి నడుస్తున్నాయి, పాయింట్లు కూడితే గిఫ్ట్ కార్డో డబ్బో ఇస్తాయి. గొడవంతా మధ్యలో బయటికి పంపేయడంతోనే, స్క్రీన్‌అవుట్ అంటారు దీన్ని. పైన చెప్పిన 400 మందిలో మీరు పడకపోతే “ఈ సర్వేకు మీరు సరిపోరు” అని వచ్చేస్తుంది. పడినా, మీ వయసువాళ్ల కోటా అప్పటికే నిండిపోయి ఉంటే అదే మాట. ఇంకో తమాషా ఏంటంటే, ఈ సైట్లలో చాలావాటికి సొంత సర్వేలు తక్కువ. రౌటర్ అని ఒకటి ఉంటుంది, అది మనల్ని ఒక సర్వే వద్దంటే ఇంకోదానికి, అదీ వద్దంటే మరోదానికి తోస్తూ పోతుంది. పోయిన ప్రతిచోటా వయసు, ఊరు పిన్‌కోడ్, ఆదాయం, ఇంట్లో ఎంతమంది, మళ్లీ మొదటినుంచీ.

ఒక ఆదివారం పంతం పట్టి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, పక్కన నోట్‌బుక్ వేసుకుని కూర్చున్నాను. ఏ సైటో చెప్పను, ఈ రకందే. 2 గంటల 10 నిమిషాల్లో 14 సర్వేలు తెరిస్తే 3 పూర్తయ్యాయి. వచ్చిన పాయింట్ల విలువ 1 డాలర్ 85 సెంట్లు, అంటే గంటకు డాలర్ కూడా పడలేదు. పోయిన 11లో ఏడు మొదటి రెండు నిమిషాల్లోనే పోయాయి, వాటి గురించి నాకు బాధ లేదు, సరిపోననుకున్నప్పుడు ముందే చెప్పేశారు. మండింది మిగతా నాలుగింటికి. ఒకదాంట్లో షాంపూ సీసా డిజైన్లు ఆరు చూపించి, ఒక్కోదానికి మార్కులు వేయించుకుని, మూత రంగు మీద నాలుగు వాక్యాలు రాయించుకుని, సర్వే ఎంత అయిందో చూపే పైన గీత 92 శాతం దగ్గరికి వచ్చాక “క్షమించండి, కోటా నిండింది” అంది. 17 నిమిషాలు గంగలో కలిశాయి. మూత ఆకుపచ్చగా ఉంటే బాగుంటుందని ఎంత శ్రద్ధగా రాశానో.

అందుకే ఈ రకం సైట్లలో మంచిచెడ్డలు తేల్చడానికి నేను చూసేది ఇదొక్కటే: ఎప్పుడు బయటికి పంపుతోంది? మొదటి రెండు మూడు నిమిషాల్లో పంపితే అది పద్ధతి ప్రకారం చేసే వడపోత. అసలు ప్రశ్నలన్నీ అయ్యాక, మళ్లీ మళ్లీ, పాయింట్ కూడా ఇవ్వకుండా పంపుతుంటే, అది మోసమా చేతకానితనమా అన్న చర్చ మనకెందుకు, అక్కణ్నుంచి లేచిపోవడమే.

అయితే తప్పు ఎప్పుడూ వాళ్లదే అనడానికీ లేదు. సర్వే మధ్యలో “ఈ వరసలో ‘కొంతవరకు ఒప్పుకుంటాను’ నొక్కండి” అని ఒకటి తగులుతుంది చూడండి, మనం చదువుతున్నామో లేదో చూడ్డానికే అది. మొదట్లో వయసు అడిగి చివర్లో పుట్టిన సంవత్సరం అడుగుతారు, రెండూ కలవకపోతే అంతే సంగతులు. అసలు లోకంలో లేని బ్రాండ్ పేరు జాబితాలో కలిపి “వీటిలో ఏవి వాడారు?” అంటారు, అన్నిటికీ టిక్ పెట్టేవాళ్లు అక్కడ దొరికిపోతారు. ఇంత అనుమానం ఎందుకంటే అవతలివైపు కూడా మోసాలు పెద్దవే. 2025 ఏప్రిల్‌లో అమెరికా న్యాయశాఖ ఎనిమిది మంది మీద కేసు పెట్టింది. సర్వే జవాబులు తయారుచేసి, నిజమైన మనుషులు ఇచ్చినట్టుగా సుమారు కోటి డాలర్లకు అమ్ముకున్నారన్నది ఆరోపణ. ఇలాంటివి జరిగాక కొనేవాళ్లు గట్టిగా వడకడతారు, ఆ జల్లెడలో నిజాయితీగా జవాబులు చెప్పేవాళ్లూ కొందరు పోతారు.

యూగవ్ కూడా పాయింట్లే ఇస్తుంది గానీ దాన్ని వీటితో ఒకే గాటన కట్టేయకూడదు. 2000లో బ్రిటన్‌లో మొదలైన పోలింగ్ సంస్థ అది, ఎన్నికల సర్వేలకు పేరున్నది, సర్వేలు ఎక్కువగా దాని సొంతమే కాబట్టి అటూ ఇటూ తోయడం తక్కువ. కాకపోతే నత్తనడక. డబ్బు తీసుకునేంత పాయింట్లు కూడాలంటే నెలలు పడుతుంది.

పరిశోధకుల సైట్లు

ప్రొలిఫిక్ ఈ రకంలో బాగా తెలిసిన పేరు, 2014లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టింది. యూనివర్సిటీల్లో రీసెర్చ్ చేసేవాళ్లు, ఈమధ్య ఏఐ కంపెనీలు కూడా, నేరుగా ఇక్కడికొచ్చి మనుషుల్ని వెతుక్కుంటారు. తేడా ఎక్కడంటే, మన వివరాలు ఒకసారి ప్రొఫైల్‌లో నింపితే వాటికి సరిపోయే స్టడీలే కనిపిస్తాయి, కాబట్టి సగం దాకా వెళ్లి గెంటించుకోవడం అరుదు. గంటకు కనీసం 8 డాలర్లు లేదా 6 పౌండ్ల లెక్కన ఇవ్వాలని రూలు. జవాబులు పంపాక పరిశోధకుడు 21 రోజుల్లో ఏదీ తేల్చకపోతే దానంతట అదే ఆమోదమైపోతుంది. తిరస్కరిస్తే కారణం చెప్పాలి, మనం అడగొచ్చు. పాయింట్లు గీయింట్లు లేవు, డబ్బు డబ్బులాగే కనిపిస్తుంది. పాయింట్ల సైట్లలో 740 పాయింట్లంటే ఎంతో లెక్కగట్టడానికే ఒక నిమిషం పోతుంది, అలా పోవాలనే పెట్టారేమో అని నా అనుమానం.

లోటు కూడా చెప్పాలి. అన్ని దేశాలవాళ్లనూ తీసుకోదు, తీసుకునేచోట కూడా వెయిటింగ్ లిస్టు ఉంటుంది, చేరాక కూడా కొన్ని రోజులు ఒక్క స్టడీ కనపడదు. ఇదే కోవలోది అనుకుని కొందరు అమెజాన్ మెకానికల్ టర్క్ వైపు వెళ్తారు. అక్కడ సర్వేలూ ఉంటాయి, చిన్నాచితకా పనులూ ఉంటాయి, కానీ కనీస రేటు గొడవ లేదు. 2018లో వచ్చిన ఒక అధ్యయనం 2,676 మంది చేసిన 38 లక్షల పనులు పరిశీలిస్తే సగటు మనిషికి గంటకు సుమారు 2 డాలర్లు పడిందని తేలింది. నా స్టాప్‌వాచ్ లెక్క కన్నా నయమే, కానీ ప్రొలిఫిక్ కనీస రేటుకు పావు వంతు.

చిన్న యాప్

గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, దాని గొప్పతనమే అది. నాలుగైదు ప్రశ్నలు, అర నిమిషంలో అయిపోతుంది, సర్వేకు ఎక్కువలో ఎక్కువ 1 డాలర్, మామూలుగా దానికి చాలా తక్కువ. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ క్రెడిట్‌గా వస్తుంది, ఏడాదిలో వాడకపోతే పోతుంది. ఐఫోన్‌లో పేపాల్‌కు వస్తుంది. మీరు ఏ షాపుకు వెళ్లారని అడుగుతుంది కాబట్టి లొకేషన్ ఇవ్వాలి, అది ఇష్టం లేనివాళ్లకు ఇది పనికిరాదు. వెళ్లని షాపు పేరు పెట్టి కూడా అడుగుతుంది, వెళ్లానని కోస్తే ఆ తర్వాత సర్వేలు రావడం తగ్గిపోతుంది.

మెసేజ్‌లో వచ్చేవి

తెలియని నంబర్ నుంచి మర్యాదగా ఒక మెసేజ్ వస్తుంది. రోజుకు గంట పని, హోటళ్లకు రేటింగ్ ఇవ్వడమో సర్వేలు నింపడమో, ఇంత ఇస్తాం అంటారు. నాకూ వచ్చింది. మూడు సర్వేలు చేస్తే నిజంగానే చిన్న మొత్తం అకౌంట్లో పడింది, అక్కడే మనిషి మెత్తబడతాడు. తర్వాత గ్రూపులో కలిపారు. అందులో అందరూ తమకొచ్చిన డబ్బుల స్క్రీన్‌షాట్లు పెడుతూ ఒకళ్లనొకళ్లు మెచ్చుకుంటూ ఉన్నారు. రెండోరోజు “కాంబో టాస్క్” అన్నారు. స్క్రీన్ మీద నా బ్యాలెన్స్ మైనస్‌లోకి పోయింది, దాన్ని సున్నా చేయాలంటే నేను కొంత వేయాలి, వేస్తే రెండింతలై తిరిగొస్తుంది. చెయ్యి ఫోన్ మీదే ఉంది, నిజం చెప్పాలంటే వేసేవాణ్ణే. మైనస్ బ్యాలెన్స్ ఎలా వచ్చిందని అడిగితే జవాబుకు బదులు “మేడమ్‌తో మాట్లాడండి” అన్నారు, అప్పుడు మెలకువ వచ్చింది.

దీన్ని టాస్క్ స్కామ్ అంటారు. వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 2020లో ఇలాంటి ఫిర్యాదు ఒక్కటీ రాలేదు, 2023లో 5,000 వచ్చాయి, 2024 మొదటి ఆరు నెలల్లోనే సుమారు 20,000. స్క్రీన్ మీద కనిపించే ఆ బ్యాలెన్స్ ఉత్త బొమ్మ, మనం వేసేది మాత్రం అసలు డబ్బు, అదీ క్రిప్టోలో అడిగితే ఇక తిరిగి రానట్టే. “నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పండి, ఫోన్ గెలిచారు, షిప్పింగ్ ఖర్చు మాత్రం కట్టండి” అనేవి దీనికి చిన్న తమ్ముళ్లు, వాళ్లకు కావాల్సింది కార్డు నంబర్.

కొత్త పేరు తగిలితే

ఈ నాలుగింటిలో పేరు తెలియనిది ఎదురైతే “టాప్ 10 సర్వే సైట్లు” రాతలు నమ్మకండి. వాటిలో చాలావరకు రిఫరల్ లింకులే, మీరు చేరితే రాసినవాడికి కమిషన్. నేనైతే రివ్యూల్లో ఐదు స్టార్లు వదిలేసి ఒకటి నుంచి మూడు దాకా చదువుతాను, అదీ ఎంతమంది తిట్టారని కాదు, దేనికి తిట్టారని. “డిస్‌క్వాలిఫై చేస్తూనే ఉంది” అనే తిట్లు ఎక్కువుంటే సైట్ నిజమైనదే, గిట్టుబాటు కాదంతే. “డబ్బు అడిగేదాకా బాగానే ఉంది, అడిగిన రోజే అకౌంట్ మూసేశారు” అని ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు రాస్తుంటే అది వేరే జబ్బు. వీపీఎన్ (మనం ఏ ఊళ్లో ఉన్నామో దాచే సాఫ్ట్‌వేర్) వాడినవాళ్లనూ రెండు అకౌంట్లు తెరిచినవాళ్లనూ మంచి సైట్లు కూడా మూసేస్తాయి, కాబట్టి ఒక్క గొంతు విని తీర్పు చెప్పకూడదు.

సైట్ పేరు, అంటే డొమైన్, ఎప్పుడు రిజిస్టర్ అయిందో హూఈజ్ అనే వెతుకులాట సేవలో చూడ్డానికి నిమిషం చాలు. “పదేళ్లుగా సేవలో” అని రాసుకున్న సైట్ వయసు రెండు నెలలని తేలితే ఇంకేం చూడాలి. ప్రైవసీ పాలసీలో కంపెనీ పేరు, అడ్రసు, వివరాలు ఎవరికి ఇస్తారు, అకౌంట్ తీసేయమంటే తీసేస్తారా అన్నవి ఉండాలి. ఐరోపాలోని మనుషుల్ని చేర్చుకునే సైట్లయితే 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం ప్రకారం అడిగితే, కొన్ని మినహాయింపులు తప్ప, వివరాలు చెరిపేయాల్సిందే. ఇంకోటి, సర్వే అయ్యాక ఏదైనా అమ్మడానికి ఫోన్లు రావడం మొదలైతే అది సర్వే కాదు. రీసెర్చ్ పేరు చెప్పి అమ్మకాలు చేయకూడదని ఆ వృత్తిలోవాళ్లే తమ నియమావళిలో రాసుకున్నారు, ఎసోమార్ అనే సంఘం 1948 నుంచీ ఆ నియమావళిని నడుపుతోంది.

మరి ఏది మేలు అంటే, మీ దేశాన్ని తీసుకుంటే ప్రొలిఫిక్, అందులో పని దొరికినన్ని రోజులు ఇంకోటి అక్కర్లేదు. దొరకనివాళ్లకు గూగుల్ యాప్, సంపాదన కోసం కాదు, ఏదో ఒక యాప్ కొనుక్కునేంత క్రెడిట్ కోసం. పాయింట్ల సైట్లలో చేరాలనిపిస్తే వేరే ఈమెయిల్‌తో చేరండి, వారం రోజులు స్టాప్‌వాచ్ పెట్టండి, విత్‌డ్రాకు కావాల్సిన పాయింట్లు కూడిన రోజే తీసేసుకోండి, దాచుకుంటే పెరిగేవి కావవి, కొన్నిచోట్ల లాగిన్ అవకపోతే చెల్లిపోతాయి కూడా. నాలుగో రకం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఆ షాంపూ సైట్లో నా అకౌంట్ పోయిన నెల డిలీట్ చేశాను. బటన్ నొక్కగానే “ఎందుకు వెళ్లిపోతున్నారు?” అని ఐదు ప్రశ్నల సర్వే తెరుచుకుంది. దానికి పాయింట్లు లేవు.