కుర్ర కుక్కతో పొలం గట్ల మీద: 10 మీటర్ల పట్టీ, హార్నెస్ వాడి చూశాక

కుర్ర కుక్కను రోజూ పొలాల వెంట తిప్పేవాళ్లు కొని తీరాల్సినవి నా లెక్కలో రెండే. ఒకటి 10 మీటర్ల పొడవాటి పట్టీ, రెండోది ఛాతీకి తొడిగే హార్నెస్. రెండు వానాకాలాలు, మధ్యలో ఒక ఎండాకాలం పొద్దునా సాయంత్రం వాడాను. కొనేముందు నేను చదివిన సమీక్షలు చాలావరకు అపార్ట్‌మెంట్ పార్కుల్లో వాడినవాళ్లు రాసినవి. బురదలో, ముళ్లలో, బోదె నీళ్లలో ఇవి ఎన్నాళ్లు నిలుస్తాయో వాటిలో దొరకలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. ఇంటి వెనక బోదె, దాని గట్టు పట్టుకుని నడిస్తే వరిచేలు, ఆ పైన కొబ్బరి తోటలు. మా మల్లి గోధుమ రంగు నాటు కుక్క, రెండు నెలల పిల్లగా తెచ్చుకున్నాం. ఆరో నెల దాటేసరికి దానికి ముక్కే లోకమైపోయింది. ముంగిస కనబడినా, కొంగ లేచినా, ఎలక బొరియ తగిలినా మన పిలుపు చెవికెక్కదు. పిల్లప్పుడు కాళ్లకు అడ్డంపడుతూ తిరిగిన కుక్క ఈ వయసులో మాట వినకపోవడం మామూలే, దాన్ని తిట్టి లాభం లేదు. మీటరున్నర బెల్టుతో గట్టు మీద నడిపిస్తే దానికి విసుగు, మనకి భుజం నొప్పి. అలాగని వదిలేద్దామంటే పక్కనే కాలువ, చేలో పాములు, మందు పెట్టిన బొరియలు. దానికి తిరిగే స్వేచ్ఛా ఉండాలి, మన చేతిలో పట్టూ ఉండాలి. పొడవాటి పట్టీ ఇచ్చేది అదే.

10 మీటర్లంటే వినడానికి ఎక్కువ అనిపిస్తుంది గానీ, కుక్కకు అది సరిగ్గా సరిపోయే దూరం. గట్టు మీద మనం నిలబడితే అది కిందికి దిగి చేను అంచున వాసన చూసి, మళ్లీ ఎక్కి, మనల్ని దాటుకుని ముందుకెళ్లి ఆగగలదు. 5 మీటర్లది కూడా వాడాను, కుక్క గట్టు దిగేలోపే బిగిసిపోయేది. 15 మీటర్లది చేలో మోళ్లకు తట్టుకుంటూ, మనం చుట్టుకోవడానికే సరిపోయేది. పట్టీని ఎడమ చేతిలో పెద్ద పెద్ద మడతలుగా పట్టుకోవాలి. వేళ్ల చుట్టూ, మణికట్టు చుట్టూ చుట్టకూడదు, కుక్క ఒక్కసారి దూకితే వేలు విరుగుతుంది. కుడి చేత్తో వదులుతూ, లాగుతూ ఉండాలి. చివరి రెండు మీటర్లు మిగిలాయనగా నేను "ఆగు" అంటాను, ఆ మాట తర్వాత పట్టీ మెల్లగా బిగుస్తుంది. కొన్ని వారాలు పోయేసరికి పట్టీ బిగియకుండానే ఆ మాటకి ఆగడం మొదలుపెట్టింది. దీని అసలు విలువ నాకు అక్కడ తెలిసింది.

ఏ సరుకుతో చేసింది తీసుకోవాలన్నది ముఖ్యం. మొదట మంచానికి వేసే నూలు నవారు కొని, దానికి ఇత్తడి కొక్కెం కుట్టించాను. చేతికి మెత్తగా ఉంటుంది, ఖర్చు తక్కువ, ముళ్లు కూడా పెద్దగా అంటవు. ఎండాకాలానికి చక్కగా సరిపోతుంది. వానాకాలంలో మాత్రం నీళ్లు తాగి బరువెక్కుతుంది, ముసురు పట్టినప్పుడు రెండు రోజులకు గానీ ఆరదు, తర్వాత బూజు వాసన. తర్వాత నైలాన్ పట్టీ. అది గట్టిదే గానీ కుక్క పరిగెత్తితే అరచేయి చర్మం లేచిపోతుంది. చివరికి బయోథేన్ తీసుకున్నాను, అంటే లోపల నేసిన పట్టీ, పైన ప్లాస్టిక్ లాంటి పూత. నీళ్లు పీల్చదు. బోదెలో ముంచి తీసి గుడ్డతో తుడిస్తే బురద పోతుంది, వాసన పట్టదు. రెండో వానాకాలంలోనూ పూత ఎక్కడా పగల్లేదు. నారింజ రంగుది కొన్నాను కాబట్టి పచ్చటి చేలో ఎక్కడ పడినా కనిపిస్తుంది. తడి చేతిలో కాస్త జారుతుంది, తోటపని చేతి తొడుగులు వేసుకుంటే ఆ బాధ లేదు. చివర చేతికి దూర్చుకునే ఉచ్చు లేనిదే తీసుకోండి. ఉచ్చు ఉంటే అది మోళ్లలో, తుమ్మ వేళ్లలో ఇరుక్కుంటుంది.

బటన్ నొక్కితే లోపలికి చుట్టుకుపోయే లీష్ కూడా కొన్నాళ్లు వాడాను. పొలాలకు అది పనికిరాదు. సన్నటి దారం కాలికి చుట్టుకుంటే కోసేస్తుంది, లోపలి స్ప్రింగులోకి మట్టి పోతే ఇక తిరగదు. అన్నిటికన్నా ఘోరం, ఆ బరువైన పిడి చేజారితే టకటకమని కుక్క వెంటపడుతుంది. పిల్ల కుక్క దానికి బెదిరి ఎటు పరిగెడుతుందో చెప్పలేం.

బయోథేన్ పట్టీలో నాకు నచ్చనిది కొక్కెం. నాకొచ్చినదానికి మెరిసే పూత వేసిన చవక లోహం కొక్కెం ఉంది. మా గాలిలో ఉప్పుంది, బోదె నీళ్లలో ఒండ్రుంది. తొలి వానాకాలం మధ్యకే లోపలి స్ప్రింగు పట్టేసి, నాలుక సగం తెరుచుకుని ఉండిపోయేది. బయటికి చూస్తే మూసుకున్నట్టే కనిపిస్తుంది, వేలితో నొక్కితేనే తెలుస్తుంది. ఇలాంటి కొక్కెంతో కాలువగట్టు మీదికి వెళ్లడం ప్రమాదం. ఇనుప సామాను కొట్లో బరువైన ఇత్తడి కొక్కెం కొని, చెప్పులు కుట్టే ఆయన చేత రివెట్లు కొట్టించి మార్చుకున్నాను. అప్పట్నుంచి ఏ ఇబ్బందీ లేదు. మీకూ అలాంటిదే వస్తే మొదటి రోజే మార్చేయండి.

ఈ పట్టీని మెడ బెల్టుకు మాత్రం తగిలించకండి. 10 మీటర్ల పరుగు తీసి ఒక్కసారిగా ఆగితే ఆ కుదుపంతా మెడ మీదే పడుతుంది. మెడ బెల్టు ఫోన్ నంబరు బిళ్ల కోసం ఉంచి, పట్టీని హార్నెస్‌కు వీపు మీదున్న రింగుకే తగిలించాలి. హార్నెస్‌లో కూడా భుజాలకు అడ్డంగా పట్టీ వచ్చేవి వద్దు, ముందు కాలు చాచనివ్వవు. ఛాతీ ఎముక మీద కలిసి, అక్కడి నుంచి రెండు కాళ్ల మధ్యగా వెనక్కి వెళ్లే రకం మంచిది. మన నాటు కుక్కలతో ఇంకో చిక్కుంది. వీటికి ఛాతీ లోతు, నడుము సన్నం. భయపడి వెనక్కి నడిస్తే మామూలు హార్నెస్ తల మీదుగా ఊడిపోతుంది. డొక్క వెనక, నడుము దగ్గర మూడో పట్టీ ఉన్నది తీసుకున్నాక ఆ టెన్షన్ పోయింది. పట్టీకి, ఒంటికి మధ్య రెండు వేళ్లు దూరేంత వదులుంచితే చాలు.

వెల్క్రో ఉన్న హార్నెస్ పొలాలకు అసలు వద్దు. ఉత్తరేణి గింజలు దాంట్లో ఇరుక్కుని, వారం తిరిగేసరికి అంటుకోవడం మానేస్తుంది. తడి హార్నెస్ ఒంటి మీదే వదిలేస్తే చంకల దగ్గర ఒరుసుకుని ఎర్రబడుతుంది. ఇంటికి రాగానే విప్పి ఆరేయాలి. విప్పినప్పుడే పట్టీల కింద, చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు చూడాలి. వానలు పడ్డాక మా వైపు పిడుదులు విపరీతం, వాటి వల్ల వచ్చే జ్వరం కుక్కను బాగా దెబ్బతీస్తుంది. పిడుదులకు ఏ మందు వాడాలో డాక్టరునే అడగండి. వరిచేలల్లో తిరిగే కుక్కకు లెప్టోస్పైరోసిస్, అంటే ఎలకల మూత్రం వల్ల నీళ్లలోంచి వచ్చే జబ్బు, దానికి కూడా పనిచేసే టీకా వేయించమని అడగండి. రేబిస్ టీకా మూడో నెలలో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన గడువుకి మళ్లీ వేయించాలి. జూలై 6న, అంటే 1885లో పాశ్చర్ మొదటిసారి మనిషికి రేబిస్ టీకా ఇచ్చిన రోజున, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

పట్టీ నిజంగా అక్కరకొచ్చేది కాలాన్ని బట్టి మారుతుంది. సార్వాలో, అంటే వానాకాలం పంటప్పుడు, కాలువలు నిండుగా పారుతుంటాయి, గట్లు జారుతుంటాయి. అప్పుడు మడతలన్నీ చేతిలోనే ఉంచుకుని మూడు మీటర్లే వదులుతాను. నారుమళ్ల దగ్గర ఇంకా తగ్గిస్తాను. రైతు కష్టపడి పోసిన నారును కుక్క తొక్కితే ఎవరికైనా కోపమొస్తుంది. కోతలయ్యాక అసలు సంతోషం. చేలన్నీ ఖాళీ, చూపు ఆనినంత మేరా మోళ్లే. అప్పుడు పట్టీ మొత్తం వదిలేసి నేలమీద ఈడ్చుకెళ్లనిస్తాను, అవసరమైతే కాలితో తొక్కి పట్టుకుంటాను. గడ్డికుప్పల చుట్టూ తిరిగి, మట్టి వాసన చూసి ఇంటికొస్తే రెండు గంటలు ఒళ్లెరక్కుండా పడుకుంటుంది. ఒట్టి పరుగు దానికి అంత అలుపు తేదు, ముక్కుకి పని పెడితేనే నిద్ర పడుతుంది.

అదే సమయంలో బాతుల మందలు దిగుతాయి. రాలిన గింజల కోసం వందల బాతుల్ని చేలల్లోకి తోలుకొస్తారు. కుర్ర కుక్కకు ఆ మంద కనబడితే ఆగడం చాలా కష్టం. మొదటిసారి మల్లి పట్టీ చివరిదాకా వెళ్లి, ముందు కాళ్లు గాల్లోకి లేచి, అక్కడే నిలబడి వణికింది. నేను కదల్లేదు, లాగలేదు. అది వెనక్కి తిరిగి నా మొహం చూడగానే ఉడికించిన కోడి కార్జం ముక్క పెట్టాను. ఇప్పుడు బాతులు కనబడితే తనే వెనక్కి చూస్తుంది. పట్టీ లేకపోతే ఈ పాఠం నేర్పే వీలే లేదు. ఆ మంద ఒకరి బతుకుతెరువు, దాంతో ప్రయోగాలు చేయకూడదు.

నేను ఎక్కువ భయపడేది ఎలక మందుకి. పంట మధ్యలో ఊరంతా కలిసి ఎలకల నిర్మూలన చేస్తారు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమాడియోలోన్ కలిపి పొట్లాలు కడతారు. ముందురోజు బొరియలన్నీ మూసేసి, మర్నాటికి తెరుచుకున్నవాటిలో ఈ పొట్లాలు వేస్తారు. నూనె వాసనకు ఎలకలే కాదు, కుక్కలూ వస్తాయి. అది రక్తం గడ్డకట్టకుండా చేసే విషం. తిన్న రోజు కుక్క మామూలుగానే ఉంటుంది, కొన్ని రోజులకు గానీ లక్షణాలు బయటపడవు. తిన్నదన్న అనుమానం వస్తే చాలు, లక్షణాల కోసం ఎదురుచూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, విటమిన్ కె1 తో వైద్యం ఉంది. మందు తిని చచ్చిన ఎలకను తిన్నా ప్రమాదమే. మా పక్క చేను కౌలు చేసే బాబాయ్ ముందే చెబుతాడు. "బాబూ, రేపట్నుంచి నాలుగు రోజులు కుక్కని ఇటు తేకు, బొరియల్లో మందెడతన్నాం" అని. ఆ రోజుల్లో మేము కొబ్బరి తోటల వైపే వెళ్తాం. మీరూ మీ పక్క చేల రైతులతో మాటా మంచీ పెట్టుకోండి. ఏ వస్తువూ ఈ పని చేసిపెట్టదు.

పాముల విషయంలోనూ పట్టీ కొంతవరకే కాపాడుతుంది. గట్టు పొదల్లోకి, గడ్డికుప్ప కిందికి తల దూర్చకుండా ఆపగలం, అంతే. మా చేలల్లో నాగుపాము, రక్తపింజర రెండూ తిరుగుతాయి. కుక్కను పాము కరిస్తే కోయడం, తాడు బిగించి కట్టడం లాంటివి చేయకుండా, నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్లాలి. పాము విషానికి విరుగుడు ఏ పశువైద్యుడి దగ్గర ఉంటుందో ఇప్పుడే కనుక్కుని నంబరు దగ్గర పెట్టుకోండి.

ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, చేలు నెర్రెలిస్తాయి. నల్లరేగడి నెర్రెలో పరుగెత్తే కుక్క కాలు దిగబడితే విరుగుతుంది. కాబట్టి అప్పుడు పట్టీ పొడవుగా వదలను. తెల్లవారకముందే వెళ్లి, సూర్యుడు కొబ్బరాకుల పైకి రాకముందే ఇంటికొచ్చేస్తాం. ఈ కాలంలో పల్లేరు కాయలు కూడా ఎక్కువ. నడుస్తూ నడుస్తూ మూడు కాళ్ల మీద ఆగిపోతే ముందు పాదం చూడండి.

వాడకూడని చోట్లు కొన్నున్నాయి. బైకులు తిరిగే కాలువగట్టు రోడ్డు మీద పొడవాటి పట్టీ వద్దు, చక్రానికి చుట్టుకుంటే ఇద్దరి ప్రాణాలకూ ముప్పు. గేదెలు మేస్తున్న చోట, ఊర కుక్కల గుంపు ఉన్న మలుపుల్లో మామూలు బెల్టే నయం. రొయ్యల చెరువుల గట్ల మీదికి అసలు వెళ్లకండి. జబ్బులు రాకుండా వాళ్లు చుట్టూ వలకట్టి మరీ కాపాడుకుంటారు, బయటి కుక్క పాదాలతో రోగం తెచ్చిపెట్టడం వాళ్లకి పెద్ద నష్టం.

ఖర్చు మాటకొస్తే, నవారు పట్టీ కొక్కెంతో కలిపి రెండు మూడు వందల్లో తయారైంది. బయోథేన్ పట్టీకి దానికి ఎన్నో రెట్లు పెట్టాను. వానలు తక్కువ పడే చోట, నీళ్ల దగ్గరికి వెళ్లని కుక్కకు నవారే చాలు, అంత డబ్బు పెట్టనక్కర్లేదు. మాలాగా డెల్టాలో ఉంటే పూత పట్టీయే కొనండి. మీ కుక్క 20 కిలోలలోపు ఉంటే సన్నటి వెడల్పుదే తీసుకోండి, వెడల్పుది నీళ్లలో నానకపోయినా బరువుగానే ఉంటుంది. హార్నెస్ మాత్రం ఎదుగుతున్న కుక్కకు ఖరీదైనది కొనకండి. ఏడాది నిండేలోపు కనీసం ఒకసారైనా మార్చాల్సి వస్తుంది, ఛాతీ చుట్టుకొలత నిలకడగా ఉందనిపించాకే మంచిది కొనండి. వీలైతే కుక్కను షాపుకి తీసుకెళ్లి, తొడిగి, ముందు నిలబడి మెల్లగా మీ వైపు లాగి చూడండి. వెనక్కి నడిచి తల బయటికి తీసుకోగలిగితే ఆ హార్నెస్ వద్దు.