కోనసీమ వంటింట్లో ఆర్వో ఫిల్టరు: ఏళ్ల తరబడి వాడిన మీదట

నీళ్లలో ఉప్పు ఉన్న ఇంటికి ఆర్వో ఫిల్టరు అవసరమే, ఉప్పు లేని నీళ్లకు అది దండుగ ఖర్చు. మా కోనసీమలో చిక్కేమిటంటే, ఒకే ఇంట్లో ఏడాదిలో రెండు నెలలు మొదటి మాటా, తక్కిన పది నెలలు రెండో మాటా నిజమవుతాయి. మా చిన్నవాణ్ణి ఎల్‌కేజీలో చేర్పించిన ఏడాది ఈ ఫిల్టరు కొన్నాం. వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ఈలోగా పంపు, మెంబ్రేన్ (ఉప్పును ఆపే సన్నని పొర), క్యాండిళ్లు (మట్టిని ఆపే వడపోత కడ్డీలు) అన్నీ మారాయి గానీ గోడకు బిగించిన డబ్బా మాత్రం అదే. కొట్లో అమ్మేవాళ్లు చెప్పే మాటలకూ, వంటింట్లో ఇన్నేళ్లు దానితో కాపురం చేస్తే తెలిసే సంగతులకూ చాలా తేడా ఉంది కాబట్టి, కొనే ఆలోచనలో ఉన్న డెల్టా వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు మా నీళ్ల సంగతి చెప్పాలి. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ ఈ ప్రాంతానికి సాగునీరైనా తాగునీరైనా కాలువే ఆధారం. మధ్య డెల్టా కాలువ కోనసీమ అంతా పాయలుగా చీలి, పి. గన్నవరం అక్విడక్టు మీదుగా గోదావరి పాయ అయిన వైనతేయను సైతం దాటి అవతలి ఊళ్లకు వెళుతుంది. దాళ్వా (రెండో వరిపంట) కోతలు వచ్చే వేళకు, సాధారణంగా ఏప్రిల్ నెలలో, కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో వదులుతారు. కట్టేసే ముందు ఊళ్లలోని మంచినీటి చెరువులు నింపి పెట్టుకుంటారు. ఆ చెరువు మే నెల చివరికి అడుగంటడం, కుళాయి రోజు విడిచి రోజు రావడం, ఇంటిల్లిపాదీ బోరు మీద పడటం మా ఊళ్లో ఏటా జరిగే తంతే.

బోరు నీళ్లతోనే వస్తుంది అసలు తంటా. మాది అమలాపురానికి దిగువన, సముద్రం వైపున్న ఊరు. ఇటువంటి చోట భూమిలో తేలికైన మంచినీరు పైపొరగానూ, బరువైన ఉప్పునీరు దాని అడుగునా ఉంటాయి. అందుకే తక్కువ లోతున్న నుయ్యి తియ్యగా ఉన్న పెరట్లోనే లోతుగా దింపిన బోరు ఉప్పగా ఉంటుంది, వేసవిలో పైనీరు తోడేసిన కొద్దీ అడుగునున్న ఉప్పు పైకి ఎగబాకుతుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి మా ఇంట్లో ఉంది. కాలువ నీళ్లున్నప్పుడు కుళాయి కింద పెడితే 180, 200 దగ్గర ఆగే ఆ అంకె, మే నెలలో బోరు నీళ్లలో పెడితే 1400 దాటుతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకూ ఉండవచ్చు. వేరే ఆధారం లేనిచోట 2000 వరకూ సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకోవడం కాగితం మీద తేలికే. ఆ నీళ్లతో కందిపప్పు పెడితే ఎన్ని కూతలు వచ్చినా గింజ గింజగానే ఉంటుంది, టీ కాచే గిన్నె అడుగున తెల్లటి గార కడుతుంది, మా మావయ్యగారి పంచెలు రెండు ఉతుకులకే పసుపుపచ్చ తిరుగుతాయి.

ఈ రెండు నెలలకూ ఆర్వోకు పూర్తి మార్కులు వేస్తాను. నీటిని పంపు ఒత్తిడితో మెంబ్రేన్ గుండా నెట్టి, నీటిని అటువైపుకు పంపి ఉప్పును ఇటువైపే ఆపేయడం దాని పని. 1400 ఉన్న నీరు మా ఫిల్టరులోంచి 100కు అటూ ఇటూగా దిగి వస్తుంది. ఇది కాచినా రాదు, వడగట్టినా రాదు, మట్టినీళ్లను తేర్చే చిల్లగింజ వేసినా రాదు. బోరు నీళ్లు ఎంత మరిగించినా ఉప్పు ఎక్కడికీ పోదు, పైగా ఆవిరైన మేరకు చిక్కబడుతుంది. ఆర్వో నీళ్లతో పప్పు మెత్తగా ఉడుకుతుంది, టీ విరగదు. వేసవిలో ఇరవై లీటర్ల టిన్నులు కొనే ఖర్చూ, ఆ బండి ఎప్పుడొస్తుందా అని వీధి వైపు చెవి వేసుకుని కూర్చునే అవస్థా మాకు తప్పాయి.

జులైలో కథ మారుతుంది. కాలువల్లోకి ఎర్రనీరు వస్తుంది. పైన కురిసిన వానలకు కొట్టుకొచ్చిన ఒండ్రుతో గోదావరి ఎర్రబడితే, ఎంత శుద్ధి చేసి వదిలినా మా కుళాయిలో ఆ ఛాయ కనిపిస్తుంది. ఈ నీళ్లలో ఉప్పు లేదు, ఉన్నది మట్టి. మా అత్తయ్యగారికి దీనికి తరతరాల విరుగుడు ఉంది. సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి చిల్లగింజను గంధం తీసినట్టు అరగదీసి, ఆ ముద్దను బిందెలో కలిపి, గరిటె కాడతో ఒకే వైపుకు తిప్పి మూత పెట్టేస్తారు. తెల్లారేసరికి మన్ను అడుగుకు దిగి, పైనీరు అద్దంలా తేలుతుంది. ఇందులో మహిమ ఏమీ లేదు. నీటిలో విడివిడిగా తేలే మట్టి రేణువులను ఆ గింజలోని పదార్థం ఒకదానికొకటి అంటుకునేలా చేస్తుంది, బరువెక్కిన రేణువులు మునిగిపోతాయి. పటికతో జరిగేదీ ఇదే. అయితే క్రిములు పోవాలంటే పైన తేరిన నీటిని తెర్ల కాచవలసిందే. ఈ ఒక్క విషయంలో అత్తయ్యగారికీ నాకూ మొదటి నుంచీ పేచీయే, రాగిబిందె ఉండగా కాచడమెందుకన్నది ఆవిడ వాదన. రాగికి కొన్ని రకాల క్రిములను చంపే గుణం ఉన్న మాట నిజమే గానీ, పిల్లలున్న ఇంట్లో వానాకాలం నీటికి నేను దాని మీద మాత్రమే భారం వేయను.

ఎర్రనీటి రోజుల్లో ఆర్వో నడిపితే ఏమవుతుందో క్యాండిల్ విప్పినప్పుడు చూడాలి. తెల్లటి దూదిచుట్టలా ఉండవలసినది ఇటుకరంగు కడ్డీ అయి బయటికి వస్తుంది. వేలితో రాస్తే జిడ్డుగా ఒండ్రు అంటుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే చెరువుగట్టు వాసన. ఆరు నెలలు రావలసిన క్యాండిల్ ఆరు వారాలకే పూడిపోతుంది. అందుకని ఆ నెల పాటు మా ఇంట్లో ఫిల్టరు స్విచ్చి తీసేస్తాం, చిల్లగింజా కాగుబిందే ఆ పని చూస్తాయి. నీరు తేటపడి, శీతాకాలమంతా కాలువ నిండుగా పారే రోజుల్లో కూడా నిజానికి కావలసింది ఉప్పు తీయడం కాదు, క్రిములను చంపడం. దానికి యూవీ (అతినీలలోహిత కాంతి) దీపం చాలు, లేదా కాచడం చాలు. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న నీటికి ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ఆదేశించింది. అమ్మేవాళ్లెవరూ ఈ ముక్క చెప్పరు, ‘నీ నీళ్లలో ఎంతుంది’ అని అడిగిన సేల్స్‌మాన్‌ను నేనింతవరకూ చూడలేదు.

ఆ ఆదేశానికి కారణం ఫిల్టరు విడిచిపెట్టే నీరు. ఒక లీటరు మంచినీళ్లిచ్చి రెండు మూడు లీటర్లు పక్కగొట్టంలోంచి వదిలేస్తుంది. ఆ గొట్టాన్ని నేరుగా తూములోకి పెట్టి వెళ్లిపోతారు బిగించేవాళ్లు. మేం దాన్ని బకెట్టులోకి మళ్లించి గచ్చు కడగడానికీ, మరుగుదొడ్డికీ వాడతాం. మొక్కలకు పోయడం పొదుపని చాలామంది అనుకుంటారు గానీ, బోరు నీటి మీద నడిచేటప్పుడు ఆ వదిలిన నీటిలో అసలు కంటే ఎక్కువ ఉప్పు ఉంటుంది, ఎందుకంటే మెంబ్రేన్ ఆపిన ఉప్పంతా అందులోకే చేరుతుంది. కరివేపాకు, కనకాంబరం మొక్కల ఆకుల కొసలు మాడిపోతే ఎండ దెబ్బ అనుకోకుండా ముందు ఆ బకెట్టును అనుమానించాలి. కాలువ నీటితో నడిచినప్పుడు మాత్రం అరటి పాదుకు నిశ్చింతగా పోయవచ్చు.

ఫిల్టరు వచ్చాక మా ఇంట్లో నీళ్లు నాలుగు రకాలయ్యాయి. దేవుడికీ మడివంటకూ బిందె నీళ్లు, తాగడానికి ఫిల్టరు నీళ్లు, గిన్నెలకు బోరు నీళ్లు, గచ్చుకు ఫిల్టరు విడిచిన నీళ్లు. ఆబ్దికం నాడు వంటకు నూతి నీళ్లే, గొట్టాల్లో నిలవున్న నీళ్లు పనికిరావని అత్తయ్యగారి శాసనం. ఇదివరకు ఇంటికొచ్చిన మనిషికి ముందు కాళ్లకు నీళ్లిచ్చి, తర్వాత చెంబుతో మంచినీళ్లిస్తే సరిపోయేది. ఇప్పుడు చెంబు చేతికివ్వబోయేసరికి ‘ఫిల్టరువేనా అండి?’ అని అడుగుతున్నారు. అవునంటే పట్నం నుంచి వచ్చినవాళ్లు తాగుతారు. అవునంటే మా ఊరి పెద్దవాళ్లు ‘బిందెలోవి లేవా అమ్మా’ అంటారు. సంక్రాంతికి ఆడపడుచులూ అల్లుళ్లూ దిగిన పూట ఇద్దరికీ సమాధానం చెబుతూ రెండు చెంబులతో తిరగడం కోడలి వంతు.

రుచి సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. కాలువ నీళ్లు తాగి పెరిగిన నోటికి ఆర్వో నీళ్లు చప్పగానే ఉంటాయి. లవణాలు బాగా తగ్గిపోతే నీటికి ఆ రుచే వస్తుంది. ‘ఇవి దాహం తీర్చవే అమ్మాయ్, నోరు తడుపుతాయంతే’ అని అత్తయ్యగారు ఏ వేసవికా వేసవి అంటూనే ఉంటారు. ఆవిడ తరవాణి (అన్నం పులియబెట్టిన నీళ్లు) కుండ పెట్టేది కూడా సరిగ్గా కాలువలు కట్టేసిన రోజుల్లోనే. కుళాయి రాని నాడు విధిలేక కుండలో ఫిల్టరు నీళ్లు పోసి, తరవాణి పులవలేదని, ఆ నీళ్లలో జీవం లేదని అన్నారు. మర్నాడు నేను రెండు చిన్న కుండల్లో వేరువేరుగా పెట్టి చూపిస్తే, ఎండల పుణ్యమా అని రెండూ ఒకేలా పులిశాయి. ఆవిడ ఒప్పుకోలేదు, నేనూ పట్టుబట్టలేదు.

చిన్న చిన్న చికాకులకు కొదవ లేదు. దారంలా సన్నగా పడే ఆ ధార కింద పిల్లల బడి సీసాలు నింపాలంటే వాళ్లు లేవకముందే మొదలుపెట్టాలి. తొట్టి నిండగానే అది కూస్తుంది. ఆ కూత ఆపే మీట లేదు. పైట్యాంకులో నీరు తగ్గితే ఒత్తిడి చాలక మూలుగుతుంది. అన్నిటికంటే పెద్దది కరెంటు. ఉప్పునీళ్ల రోజులూ కరెంటు కోతల రోజులూ ఒకటే కావడంతో, ఎప్పుడు అవసరమో అప్పుడే అది గోడకు వేలాడే బొమ్మవుతుంది. కరెంటున్నప్పుడే ఒక స్టీలు బిందె నింపి పెట్టుకోవడం తప్ప దీనికి మార్గం లేదు.

సర్వీసు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఏడాది ఒప్పందానికి డబ్బు కట్టించుకున్న సంస్థకు ఫోన్ చేస్తే, మర్యాదకు లోటుండదు. ‘ఆయ్, దగ్గర్లోనే ఉన్నానండి, పావుగంటలో వచ్చేస్తానండి’ అంటాడు కుర్రవాడు. ఆ పావుగంట మర్నాటి మధ్యాహ్నానికి పూర్తవుతుంది. వచ్చిన ప్రతిసారీ మెంబ్రేన్ పోయిందంటాడు. ఇక్కడే టీడీఎస్ మీటరు అక్కరకొస్తుంది. లోపలికి వెళ్లే నీరూ బయటికి వచ్చే నీరూ పక్కపక్కన కొలిచి, తేడా ఎప్పటిలాగే ఉంటే మెంబ్రేన్ బాగున్నట్టే, ధార సన్నబడితే ముందు చూడవలసింది క్యాండిల్. మీటరు బల్ల మీద పెట్టి కాఫీ ఇస్తే, మార్చవలసిన సామాన్ల జాబితా సగానికి సగం తగ్గడం నేను ప్రతిసారీ చూశాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన ఉన్న ఊళ్లవాళ్లు మాత్రం దాన్ని ఆపే బొగ్గు ఫిల్టరు మార్చడంలో పొదుపు చేయకూడదు. క్లోరిన్ నేరుగా తగిలితే మెంబ్రేన్ నిజంగానే పాడవుతుంది.

ఇక కొనేవారికి. రాజమండ్రి, కొవ్వూరు వైపు ఏడాది పొడుగునా తియ్యటి నీళ్లున్న ఇళ్లకు ఆర్వో నేను చెప్పను, యూవీ ఉన్న ఫిల్టరు గానీ మామూలు క్యాండిల్ ఫిల్టరు, కాగునీళ్లు గానీ సరిపోతాయి. అంతర్వేది, కాట్రేనికోన, అల్లవరం వైపు బోరు మీద ఆధారపడిన ఇళ్లకు ఆర్వో తప్పదు. మాలాగా మధ్యన ఉన్నవాళ్లు ఆర్వో, యూవీ రెండూ ఉన్నది, కాలువ నీళ్లున్నప్పుడు మెంబ్రేన్‌ను తప్పించి యూవీ మీదుగా మాత్రమే నడుపుకునే వీలున్నది అడిగి తీసుకోవాలి. మా పాతదానికి ఆ వీలు లేదు. ఈసారి పంపు పోతే బాగుచేయించకుండా అటువంటిదే కొందామని మావారితో అన్నాను. కొంటే తెల్లరంగుది మాత్రం వద్దన్నారు అత్తయ్యగారు, ఎర్రనీటి మరకలు తుడవలేక చస్తున్నామట.