రాయా, రింగులా? చిన్న పగడాల ట్యాంకుకి ఏది మేలు

మా ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో ఉన్నది 60 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు. రెండు క్లౌన్ చేపలు, కాసిన్ని మష్రూమ్, జోయాంథిడ్ పగడాలు, అంతే. అంత చిన్నదానికి ఫిల్టర్‌లో ఏం వేయాలన్నది తేల్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మొదట కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే, మూత బిగించిన ఫిల్టర్ డబ్బా) నిండా సెరామిక్ రింగులు పోశాను. ఇప్పుడు ట్యాంకులోనే పెట్టిన, చిల్లులున్న రాళ్ళ మీదే నడుపుతున్నాను.

రెండూ చేసే పని ఒకటే, బ్యాక్టీరియాకి చోటివ్వడం. చేపల నుంచి వచ్చే అమ్మోనియాని ఆ బ్యాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఇంతవరకు రింగులకి వంక పెట్టలేం. గుప్పెడు రింగుల్లోనే బోలెడంత చోటు ఉంటుంది. చిక్కు ఆ తర్వాతే వస్తుంది. మంచినీటి ట్యాంకులో నైట్రేట్‌ని మొక్కలు తినేస్తాయి, ఇక్కడ మొక్కలు లేవు. చిల్లులు చిల్లులుగా ఉన్న రాయి లోపల, ఆక్సిజన్ అందని చోట, వేరే రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపేస్తుంది. రింగుల సందుల్లో మాత్రం చెత్త పేరుకుంటుంది. మూత తీసి కడక్కపోతే అది కుళ్ళి, ఉన్న నైట్రేట్‌కి ఇంకొంచెం జోడిస్తుంది.

నా మనసు విరిగింది మాత్రం నైట్రేట్ వల్ల కాదు. ఒక మే నెల రాత్రి ఐదు గంటలపాటు కరెంటు పోయింది. మూత బిగించిన డబ్బాలో నీళ్ళు కదలకపోతే లోపలున్న ఆక్సిజన్‌ని బ్యాక్టీరియా త్వరగానే వాడేసుకుంటుంది, ఆ మీదట అదే చావడం మొదలవుతుంది. తెల్లారగట్ల కరెంటు రాగానే పంపు దానంతటదే తిరిగి, ఆ నీళ్ళన్నీ ట్యాంకులోకి వచ్చేశాయి. నేను లేచేసరికి హాలంతా కుళ్ళిన కోడిగుడ్డు వాసన. చేపలు రెండూ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. 20 లీటర్లు మార్చాక గానీ తేరుకోలేదు.

అదే రాళ్ళయితే మూసిన డబ్బాలో కాకుండా ట్యాంకు నీళ్ళలోనే ఉంటాయి, బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి బుడగలు వదిలితే చాలు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వైజాగ్ ఎన్ని రోజులు చీకట్లో ఉందో తెలిసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

రాయికీ లోట్లున్నాయి. ఖర్చెక్కువ, ఈత కొట్టే చోటు తగ్గుతుంది, పొడి రాయి తెస్తే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. పక్కనే సముద్రం ఉంది కదా, ఒక పగడపు రాయి ఏరి తెచ్చుకుంటే పోలా అనుకోకండి. గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కిందికి వస్తాయి. పోతపోసిన కృత్రిమ రాయి కొనుక్కోండి. రింగుల నుంచి మారేవాళ్ళు అన్నీ ఒకేసారి తీయకూడదు. రాయి కుదురుకున్నాక వారానికి మూడోవంతు చొప్పున తీశాను.

చెత్త పట్టడానికి స్పాంజి కంటే దిండ్లలో కూరే తెల్ల పాలిస్టర్ దూది మేలు. రంగు, మందు వేయనిది చూసి తీసుకోండి. స్పాంజిని కడగాలి, బద్ధకిస్తాం. దూదిని మూడు రోజులకోసారి తీసి పారేస్తే సరి. చేతిలోకి తీసుకుంటే గోధుమరంగు జిగురు కారుతుంది. ట్యాంకులో కుళ్ళాల్సిందంతా అదే.

నీటి పసుపు రంగు, వాసన పోవడానికి యాక్టివేటెడ్ కార్బన్ రెండు చెంచాలు, నెలకోసారి మార్చాలి. నల్లటి పొడి పోయేదాకా ముందే కడగాలి. కార్బన్‌కి బదులు వాడే ప్యూరిజెన్ అనే రెజిన్ గుళికల్ని బ్లీచ్‌లో నానబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు, నిజమే. కానీ చేపలున్న ఇంట్లో బ్లీచ్‌తో ఆటలు నాకు టెన్షన్. పాచిని పెంచే ఫాస్ఫేట్‌ని పట్టే ఐరన్ ఆక్సైడ్ గుళికల్ని టెస్ట్ కిట్‌లో లెక్క ఎక్కువ చూపిస్తేనే వేయండి. అదీ కొంచెం కొంచెంగానే. ఒక్కసారిగా ఫాస్ఫేట్ లాగేస్తే పగడాలు ముడుచుకుపోతాయి.

రింగుల్ని పారేయలేదు. కొత్త చేపని మూడు నాలుగు వారాలు విడిగా ఉంచే డబ్బాకి వాటిని మించింది లేదు. అందుకే వాటిలో బ్యాక్టీరియా ఎప్పుడూ సిద్ధంగా ఉండేలా గుప్పెడు రింగుల్ని జాలీ సంచిలో కట్టి, ట్యాంకులోనే రాళ్ళ వెనక దాచాను.