ఓష్కాష్‌లో బోంజో: చూడండి, కానీ జూలై ఆఖరి వారంలో వద్దు

బోంజో అంటే 1930ల నాటి ఓ రేసు విమానం. అది ఉన్న ఓష్కాష్ విస్కాన్సిన్‌లోని ఊరు, షికాగో నుంచి సుమారు 175 మైళ్లు, మూడు గంటల డ్రైవు. టోల్ అంతా ఇల్లినాయ్‌లోనే, విస్కాన్సిన్‌లో లేదు. అక్కడ మిగిలింది మోటెల్ వాడు వడ్డీతో సహా లాగేశాడు. ఏటా జరిగే విమానాల పండగ ఎయిర్‌వెంచర్ వారం కాబట్టి 92 డాలర్ల గది 389 అట, పన్ను అదనం. మూడు రాత్రులకి తగ్గితే ఇవ్వడు, ముందే ఖాళీ చేస్తే డబ్బు వెనక్కి రాదు. ఏసీకి చప్పుడెక్కువ, చల్లదనం తక్కువ. మా బావగారు రెండో రాత్రి నుంచి మాట్లాడటమే మానేశారు.

ఆ వారమే వెళ్లాలనుకుంటే యూనివర్సిటీ హాస్టల్ గదులో, అక్కడి క్యాంపింగ్ మైదానం క్యాంప్ షోలర్‌లో టెంటో ముందుగా చూసుకోండి. బోంజో కోసమే అయితే సెప్టెంబరు మేలు. అది ఈఏఏ (ఎయిర్‌వెంచర్ జరిపే విమాన ప్రియుల సంఘం) మ్యూజియంలో ఉంది, సంఘంలో సభ్యత్వం ఉంటే టికెట్ అక్కర్లేదు.

విమానాన్ని ముందు నుంచి చూడండి. విమానాల రేసుల్లో పోటీపడిన స్టీవ్ విట్‌మన్ 1934లో సొంతంగా కట్టుకున్నది. రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై అడుగుల లోపే, ముక్కులో మాత్రం పన్నెండు సిలిండర్ల కర్టిస్ డి-12 ఇంజిన్! రెక్క పలచనైతే గాలి నిరోధం తగ్గుతుంది, కానీ ఒంటరిగా బరువు ఆపలేదు. అందుకే పైనా కిందా తీగలు బిగించారు. అంత చిన్న రెక్కతో దిగాలంటే వేగంగా దిగాల్సిందే. 1935 థాంప్సన్ ట్రోఫీ విమానాల రేసులో గంటకు 218 మైళ్లతో రెండో స్థానం. గెలిచిన విమానం మిస్టర్ మలిగన్‌ది 220. అదే రేసులో 1937లో చాలాసేపు ముందుండి, ఇంజిన్ మొరాయించి ఐదో స్థానానికి జారింది. ఓష్కాష్ విమానాశ్రయాన్ని 1931 నుంచి 1969 దాకా నడిపిందీ విట్‌మనే. ఇప్పుడు దానికి ఆయన పేరే. స్ప్రింగు స్టీలు చక్రాల కాళ్లకి ఆయన పేటెంటు తీసుకుంటే, చిన్న విమానాలు తయారుచేసే సెస్నా వాళ్లు వాడుకున్నారు. బయట నిలిపిన పాత సెస్నాల కాళ్లు కూడా ఓసారి చూడండి.

ఊరి పేరు పెట్టుకున్న ఆయన మరో రేసు విమానం చీఫ్ ఓష్కాష్ కోసం ఇక్కడ వెతక్కండి. 1931 నాటి ఆ బుల్లి విమానం దెబ్బతిన్నాక బస్టర్ అనే పేరుతో మళ్లీ తయారై 1947 గుడ్‌ఇయర్ రేసు గెలిచింది, ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్ల దగ్గరుంది.

పిల్లలు విసుక్కుంటే మ్యూజియంలోనే ఉన్న పిల్లల విభాగం కిడ్‌వెంచర్ గ్యాలరీకి పంపండి. శాకాహారులకి చీజ్ కర్డ్స్ (చీజ్ ముక్కలు) తప్ప పెద్దగా ఏమీ దొరకలేదు. పులిహోర కట్టుకెళ్లండి.