బొగ్గు బాయి టూర్: గైడ్‌కి ఐదు స్టార్లు, బోర్డులకి రెండు

పోయిన వేసవిలో వెస్ట్ వర్జీనియా వెళ్ళినప్పుడు మూతపడ్డ ఒక బొగ్గు గనిలో టూర్ చేశాం. నడిపేవాళ్ళ పేరు రాయను, తిట్టాల్సింది కూడా ఉంది కాబట్టి. మా నాన్న ఇల్లందులో ముప్పై ఏళ్ళు బాయి దిగిన మనిషి, అందుకే మిగతావాళ్ళు ఫొటోలు దిగుతుంటే నేను మాత్రం పైకప్పు వంకే చూస్తూ కూర్చున్నా.

చిన్న బండిలో లోపలికి తీసుకెళ్తారు. బయట ఎండ మండిపోతున్నా లోపల చలే, స్వెట్టర్ మర్చిపోవద్దు, మా పాప చివరికి నా చొక్కాలో దూరింది.

మా గైడ్ డెబ్బై దాటిన నల్లజాతి పెద్దాయన, రిటైరైన కార్మికుడు. ఒక చోట బండి ఆపి, ఇనప కడ్డీతో పైకప్పు మీద కొట్టి, వినమన్నారు. గట్టి రాయి అయితే ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది, అలా మోగిన చోట దన్ను పెట్టకుండా అడుగు వేయకూడదు. నాకు ఒళ్ళు జలదరించింది. చిన్నప్పుడు నాన్న పెచ్చులూడే మా ఇంటి గోడ మీద వేళ్ళతో కొట్టి "ఇగో, ఇట్ల మోగితే కిందికెల్లి ఉరకాలె" అని సరిగ్గా ఇదే చూపించేవాడు. ఆ పాఠం నాన్నకి వీటీసీలోనూ, అంటే గని కార్మికుల శిక్షణ కేంద్రంలోనూ చెప్పారు. పెద్దాయనేమో వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నారు, ఆ నాన్నకి క్లాసూ లేదు పాడూ లేదు, పక్కన పని చేసే మనిషే మాస్టారు.

ఇంకో సంగతి చెప్పారు, టూర్ మొత్తానికి నాకు గుర్తుండిపోయింది అదే. చేత్తో బొగ్గు ఎత్తే రోజుల్లో కూలి టన్నుల లెక్కన. దన్నుగా కర్రలు నిలబెట్టడం, పడ్డ రాళ్ళు తీసేయడం లాంటి పనిని "డెడ్ వర్క్" అనేవాళ్ళు, దానికి చాలా చోట్ల పైసా ఇచ్చేవాళ్ళు కాదు. అంటే జాగ్రత్తగా ఉన్న రోజు కూలి తగ్గుతుంది! ఇక ఎంత ట్రైనింగ్ ఇస్తే ఏం లాభం?

ఇంత మంచి మనిషిని పెట్టుకుని, పైన మ్యూజియంలో చేసింది చూస్తే చిరాకేసింది. "భద్రత చరిత్ర" అని ఒక గోడంతా ఉంది. 1907లో మోనోంగా పేలుడు, 362 మంది చావు, 1910లో బ్యూరో ఆఫ్ మైన్స్ అనే ప్రభుత్వ గనుల సంస్థ, 1911లో పిట్స్‌బర్గ్‌లో ప్రథమ చికిత్స ప్రదర్శన, 1977 చట్టంతో భూగర్భంలోకి కొత్తగా దిగేవాళ్ళకి 40 గంటల శిక్షణ తప్పనిసరి. అన్నీ ఉన్నాయి. నల్లజాతి కార్మికుల గురించి? ఒక గ్రూప్ ఫొటో, కింద పేర్లు కూడా లేవు. 1930 ప్రాంతంలో ఆ రాష్ట్రం బొగ్గు కార్మికుల్లో ఐదో వంతుకు పైగా వాళ్ళే కదా! అలబామా లాంటి చోట్ల ప్రథమ చికిత్స జట్లు కూడా తెల్లవాళ్ళవి వేరు, నల్లవాళ్ళవి వేరు. తర్వాత లోడింగ్ మెషీన్లు వచ్చాక వాటిని నడిపే పని ఎక్కువగా తెల్లవాళ్ళకి పోయింది, చేత్తో ఎత్తే నల్లవాళ్ళు ముందు ఇంటికి పోయారు. ఈ ముక్కలు గోడ మీద ఒక్కటీ లేవు. కౌంటర్‌లో అడిగితే "గైడ్‌ని అడగండి" అన్నారు. ఆయన రిటైరైతే?

చుట్టుపక్కల తిరిగే టైం ఉంటే నట్టల్‌బర్గ్ అనే పాత బొగ్గు గని ఊరికి వెళ్ళండి, ఇప్పుడది న్యూ రివర్ గార్జ్ నేషనల్ పార్కులో ఉంది. నల్లజాతి చరిత్రకారుడు కార్టర్ జి. వుడ్సన్ కుర్రాడిగా ఆ ప్రాంతంలో బాయి పని చేశారు. ఆలివర్ జోన్స్ అనే తోటి కార్మికుడికి చదువు రాదు, కానీ ఇంట్లో పుస్తకాలూ పేపర్లూ పెట్టుకుని, సాయంత్రాలు వచ్చే వాళ్ళకి వుడ్సన్ చేత చదివించేవాడు. ఆ వుడ్సనే 1926లో నల్లజాతి చరిత్ర వారం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళ వయసులో హైస్కూల్లో చేరిన మనిషి!

మొత్తానికి నావి మూడున్నర స్టార్లు, అందులో మూడు పెద్దాయనవే. రోజులో చివరి ట్రిప్పు ఎక్కండి, వెనక క్యూ ఉండదు కాబట్టి తీరిగ్గా మాట్లాడతారు. కడ్డీ మీరు కూడా పట్టుకుని కొట్టి చూస్తామని అడగండి, కాదనరు.